ఇంటి నుంచి పని, ఇంటిపని

పూర్వం పెళ్ళిసంబంధం చూడడానికి వెళ్ళిన పెద్దలు అబ్బాయి జీతమెంత, బదిలీలున్న ఉద్యోగమా, పై రాబడి ఏమైనా ఉన్నదా అని అడిగేవారు. ఇప్పుడు ఆ వరసలో కొత్త ప్రశ్న ఒకటి వచ్చి చేరింది. "వర్క్ ఫ్రమ్ హోమా, ఆఫీసుకు వెళ్ళాలా?" ఆడపిల్లవారు అడిగితే దానికొక అర్థం, మగపిల్లవారు అడిగితే మరొక అర్థం. "మా అమ్మాయి ఇంటి నుంచే చేసుకోవచ్చునండీ" అన్న జవాబు వినగానే కాబోయే అత్తగారి ముఖం వికసిస్తుంది. ఆ వికాసానికి కారణం కోడలి సౌఖ్యం మీద శ్రద్ధేనని నమ్మడానికి నేను సిద్ధమే గాని, చూసిన ఇళ్ళు నమ్మనివ్వడం లేదు.

సాఫ్టువేరు ఉద్యోగులు ఇంటి దగ్గర కూర్చుని పని చెయ్యాలా, ఆఫీసుకు వచ్చి చెయ్యాలా అన్న తగాదా కొన్నేళ్ళుగా నడుస్తూనే ఉన్నది. యజమానులు ఒకటంటారు, ఉద్యోగులు ఒకటంటారు, పత్రికలవారు ఇద్దరి మాటలూ అచ్చువేస్తారు. ఇందులో మూడో కక్షిదారు ఉన్నాడని ఎవరికీ తోచినట్టు లేదు. ఆ కక్షిదారులం మనమే. ఆ ఉద్యోగి తల్లిదండ్రులం, అత్తమామలం, మేనమామలం, పక్కింటివాళ్ళం. ఉత్తర్వు ఇచ్చేది కంపెనీయే కావచ్చు, అది అమలయ్యేది మాత్రం మన హాలులో, మన భోజనాలబల్ల దగ్గర. తెలుగు చెప్పుకునేవాడివి, నీకెందుకయ్యా కంప్యూటర్ల గొడవ అంటారేమో. నా దగ్గర ద్వితీయభాషగా తెలుగు చదివి, ఛందస్సులో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పిల్లలు ఇవాళ హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ నాకు రెట్టింపు జీతాలు తెచ్చుకుంటున్నారు. వాళ్ళ గొడవ నాది కాకపోతే ఎవరిది? పైగా ఇందులో వ్యాకరణం కూడా ఉన్నది. "ఇంటి నుంచి పని" అన్న మాటలో ఆ "నుంచి" అన్న ప్రత్యయం ఒక్కటి ఊడిపోతే "ఇంటిపని" మిగులుతుంది. ప్రత్యయం ఊడితే ఎంత అనర్థం జరుగుతుందో చెప్పడమే నా వృత్తి.

ఇంట్లో కూర్చుని పనిచెయ్యడం కరోనా నేర్పిన విద్య ఏమీ కాదు. కరణంగారు ఏ ఆఫీసుకు వెళ్ళారు? 1984లో ప్రభుత్వం ఆ ఉద్యోగాన్ని రద్దుచేసేదాకా ఎన్నో ఊళ్ళలో భూముల లెక్కలన్నీ ఆయన ఇంటి చావట్లోనే ఉండేవి. మంగళగిరిలో, చీరాలలో, పోచంపల్లిలో నేతగాడి ఇల్లే కార్ఖానా. గుంటమగ్గం ఇంట్లోనే ఉంటుంది. షావుకారు నూలు ఇస్తాడు, చీర దిగాక కూలి ఇస్తాడు. ఎన్నింటికి వచ్చావు, ఎన్నింటికి పోయావు అన్న ప్రశ్న లేదు. వినడానికి బాగానే ఉన్నది. కాని ఆ ఇంట్లోనే మరొక సంగతి చూడండి. మగ్గంలో కూర్చున్నవాడి పని పనిగా లెక్కకు వచ్చింది. తెల్లవారుజామున లేచి కండెలు చుట్టిన భార్య పని, ఆసు పోసిన తల్లి పని చీర ఖరీదులో కలిసిపోయాయి. పోచంపల్లి రకం చీర ఒక్కదానికి ఆసు పోయాలంటే చెయ్యి కొన్ని వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం దానికొక యంత్రం కనిపెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అలాంటి పని ఒకటి ఉన్నదని లోకంలో చాలామందికి తెలిసింది ఆ యంత్రం వల్లనే. అంతకుముందు "మీ ఇంటావిడ ఏం చేస్తుంది?" అంటే "ఇంట్లోనే ఉంటుందండీ" అన్నదే జవాబు.

మరి సాఫ్టువేరుకు ఆఫీసు ఎందుకు వచ్చిందంటారా? తీగ ఉన్న చోటికి మనిషి వెళ్ళక తప్పలేదు గనుక. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే అమెరికా కంపెనీ బెంగుళూరులో పని మొదలుపెట్టినప్పుడు, చేసిన పనిని సముద్రాలు దాటించడానికి ఉపగ్రహం ద్వారా ప్రత్యేకంగా లైను వేసుకోవలసి వచ్చింది. చిన్న కంపెనీలకు అంత తాహతు ఎక్కడిది? 1991లో కేంద్రప్రభుత్వం సాఫ్టువేరు టెక్నాలజీ పార్కుల సంస్థను స్థాపించి అలాంటి లైన్లు పదిమందికీ అందేటట్టు చేసింది. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ చుట్టూ ఉన్న రాళ్ళగుట్టలు ఇవాళ వెతికినా కనిపించవు. అప్పుడు అంత అపురూపమైన లైను ఇప్పుడు మా తెనాలి వీధిలో కరెంటు స్తంభం మీదుగా ఇంట్లోకి వస్తున్నది. 2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు ఆ సంగతి అందరికీ ఒక్కసారిగా తెలిసివచ్చింది. పిల్లలు ల్యాప్‌టాపులు చంకన పెట్టుకుని సొంత ఊళ్ళు చేరారు. పని ఆగలేదు.

ఆ ఏప్రిల్ నెలలోనే టీసీఎస్ ఒక ప్రకటన చేసింది. 2025 నాటికి తమ ఉద్యోగుల్లో నూటికి 25 మంది ఆఫీసులో ఉంటే చాలునట. అదే సంస్థ 2023 అక్టోబరు నుంచి వారానికి 5 రోజులూ రమ్మన్నది. ఆ మరుసటి నెలలో విప్రో 3 రోజులన్నది. అమెజాన్ 2025 జనవరి నుంచి 5 రోజులన్నది. కంపెనీలు మనసు మార్చుకోకూడదని నేననను. కాని మొదటి ప్రకటనకూ రెండో ప్రకటనకూ మధ్య మూడున్నర ఏళ్ళు గడిచాయి. ఆ మూడున్నర ఏళ్ళలో జనం హైదరాబాదు ఇళ్ళు ఖాళీ చేశారు, పిల్లల్ని ఊళ్ళో బడిలో వేశారు, డాబా మీద గది వేసుకున్నారు. సంసారం అంత తేలిగ్గా వెనక్కు తిరగదు.

ఈ పని ఎలా ఉంటుందో తెలియని పాఠకులుంటారు గనుక రెండు ముక్కలు చెప్తాను. పొద్దున ఒక చిన్న సమావేశం ఉంటుంది. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఎక్కడ ఆగిపోయావు అని పావుగంటలో అడిగి ముగిస్తారు. ఆ తరువాత ఎవరి ముక్క వారిది. రాసిన ముక్కను పంపిస్తే తోటివాడొకడు చదివి, ఇది తప్పు, ఇది తిన్నగా లేదు అని పక్కన రాస్తాడు. మా పరిభాషలో చెప్పాలంటే ఒకడు మూలకర్త, ఒకడు వ్యాఖ్యాత. మనకు రాత్రి ఎనిమిదిన్నర అయినప్పుడు, వేసవిలో అయితే, న్యూయార్కులో పగలు 11 గంటలు. అందుచేత ఇంట్లో కంచాలు పెట్టే వేళకు సరిగ్గా అమెరికావాళ్ళతో మీటింగు.

మధ్యలో మిగిలిన గంటలే అసలు పని. ధాన్యం కొలిచేవాణ్ణి మీరు చూసే ఉంటారు. "లాభం, రెండు, మూడు" అంటూ కుంచంతో కొలుస్తుంటే పక్కనున్నవాళ్ళు నోరు మెదపరు. పలకరిస్తే లెక్క తప్పుతుంది, రాశి మొదటినుంచి మళ్ళీ కొలవాలి. ప్రోగ్రాము రాసేవాళ్ళ తలలో కూడా అటువంటి లెక్క ఒకటి నడుస్తుంటుంది. "ఒక్క నిమిషం లేచి ఆ గ్యాసుబండ అబ్బాయికి తలుపు తియ్యమ్మా" అన్నది నిజంగా ఒక్క నిమిషం పనే. పోయేది అరగంట కొలత.

ఇంతకూ "తియ్యమ్మా" అనే అంటాం, గమనించారా? "తియ్యరా" అని అనం.

మా బంధువుల ఇంట్లో కొడుకూ కోడలూ ఇద్దరిదీ సాఫ్టువేరే. 2020లో రెండేళ్ళ పిల్లతో తెనాలి వచ్చి పెద్దవాళ్ళ దగ్గర చేరారు. జీతాలు ఇంచుమించు సమానం. కోడలిది ఒక పిసరు ఎక్కువని విన్నాను, ఆ మాట ఆ ఇంట్లో పైకి అనరు. మేడమీది గది అబ్బాయికి ఇచ్చారు. పిల్లను చూసుకుంటూ చేసుకోవచ్చునని కోడలికి భోజనాలబల్ల ఒక కొస ఇచ్చారు. మేడమెట్ల దగ్గర పిల్ల గట్టిగా అరిస్తే నాయనమ్మ పరుగెత్తుకొచ్చి, "ష్, నాన్న మీటింగులో ఉన్నాడు" అనేది. అదే నాయనమ్మ, కోడలు చెవులకు ఆ సాధనం తగిలించుకుని మాట్లాడుతుండగా ఎదురుగా వచ్చి నిలబడి, "అమ్మాయ్, పప్పులో మామిడికాయ వెయ్యనా, దోసకాయ వెయ్యనా?" అని అడిగేది. గొంతు తగ్గించే అడిగేది, ఆ మర్యాదకు లోటు లేదు. ఆవిడ గయ్యాళి అత్తగారు అనుకునేరు, ఎంతమాత్రం కాదు. కోడలంటే ప్రాణం. అయితే ఆవిడ లెక్కలో కొడుకు పనిలో ఉన్నాడు, కోడలు ఇంట్లో ఉన్నది. ఇద్దరి మధ్యా ఉన్న తేడా ఒక్క తలుపు. బ్యాంకులో సంతకం, మందుల షాపు, ఎండలో ఆరబోసిన వడియాలు, పేరంటానికి పిలిచిన ఇల్లు, అన్నిటికీ ఒకటే మాట: "ఆ పిల్ల ఇంట్లోనే ఉంది కదా!"

పగలు పోయిన గంటలను ఆ అమ్మాయి రాత్రి పదకొండు దాటాక పూడ్చుకునేది. 2023 చివర ఇద్దరి కంపెనీలూ వారానికి మూడు రోజులు హైదరాబాదు రమ్మన్నాయి. భర్త అన్యాయమని మండిపడ్డాడు. ఆమె మారుమాటాడకుండా సంచి సర్దుకున్నది. మాదాపూరులో ఆడపిల్లల హాస్టలులో మూడు రాత్రులు, తక్కిన రోజులు తెనాలిలో. అత్తగారు చాలా నొచ్చుకున్నారు. ఇంటిపట్టున హాయిగా చేసుకోక ఈ తిరుగుడేమిటన్నారు. ఒకనాడు స్టేషనులో కనిపించి ఆ అమ్మాయి నాతో అన్నది: "అక్కడ తొమ్మిది గంటల సేపు కూర ఏం చెయ్యాలని నన్నెవరూ అడగరు బాబాయిగారూ!"

చైనాలో సీట్రిప్ అనే ప్రయాణాల కంపెనీ ఉన్నది. అక్కడ టెలిఫోనులో జవాబు చెప్పే ఉద్యోగుల మీద స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్, ఆయన తోటివారు 2010 చివర మొదలుపెట్టి తొమ్మిది నెలలు ఒక పరీక్ష నడిపారు. కొందరిని వారానికి 4 రోజులు ఇంటినుంచి చెయ్యనిచ్చారు, కొందరిని ఆఫీసులోనే ఉంచారు. ఇంటి దగ్గరివాళ్ళ పని నూటికి 13 వంతులు పెరిగింది. ఈ 13ను ఉదహరించనివాడు లేడు. కాని ఆ పరీక్షకు మనుషులను ఎంచుకోవడంలో పెట్టిన షరతులలో ఒకటి, ఇంట్లో పని చేసుకోవడానికి విడిగా గది ఉండాలన్నది. అంటే ఆ లెక్కలో భోజనాలబల్ల లేదు. చేసిన పనితో పోల్చి చూస్తే ఇంటి దగ్గరివాళ్ళకు ప్రమోషన్లు తక్కువగా వచ్చాయి. పరీక్ష ముగిశాక ఇక మీ ఇష్టమంటే, ఇంటి నుంచి చేసినవాళ్ళలో సగం మంది ఆఫీసుకే తిరిగి వెళ్ళారు. ఒంటరితనం భరించలేకపోయామన్నారు.

అలాగని ఆఫీసే కైవల్యమని నేననడం లేదు. నా దగ్గర చదువుకున్న ఇంకో అమ్మాయి సంగతి చెప్తాను. తల్లికి పక్షవాతం వచ్చింది. మూడేళ్ళకు పైగా తల్లి మంచానికి పక్కగదిలో కూర్చుని పని చేసింది, కంపెనీలో మంచి పేరు తెచ్చుకున్నది. ఐదు రోజులూ రావాలన్న ఉత్తర్వు వచ్చిన నెలకు రాజీనామా ఇచ్చింది. మంచంలో ఉన్న తల్లిని హైదరాబాదు మూడో అంతస్తుకు ఎక్కించగలనా మాస్టారూ అన్నది. ఏం చెప్పను?

ఇటువంటి రాజీనామాలను కూడా లెక్కవేసినవాళ్ళున్నారు. ఆ చైనా కంపెనీయే 2021లో మళ్ళీ ఒక పరీక్షకు ఒప్పుకున్నది. ఈసారి 1,612 మంది, వారిలో సాఫ్టువేరు రాసేవాళ్ళు కూడా ఉన్నారు. సుమారు సగం మందికి వారంలో 2 రోజులు ఇల్లు, 3 రోజులు ఆఫీసు. తక్కినవారికి 5 రోజులూ ఆఫీసే. పనిలో తేడా రాలేదు, ప్రమోషన్లలో తేడా రాలేదు. ఉద్యోగం వదిలి వెళ్ళేవాళ్ళు మాత్రం మూడో వంతు తగ్గారు. ముఖ్యంగా నిలిచినవాళ్ళు ఆడవాళ్ళు, దూరం నుంచి వచ్చేవాళ్ళు. 2024లో ఇది నేచర్ పత్రికలో వచ్చింది. మన దేశంలో చట్టం కూడా ఈ విషయం కొంత ఆలోచించింది. 2017లో సవరించిన ప్రసూతి చట్టంలో 26 వారాల సెలవే కాక, సెలవు అయిపోయాక పని స్వభావాన్నిబట్టి, యజమానితో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇంటి నుంచి చేసుకోవచ్చునన్న మాట ఒకటి ఉన్నది. సెలవు సంగతి అందరికీ తెలుసు. ఈ రెండో మాట చెప్తే "అలా ఉందా!" అని ఆశ్చర్యపోయే అమ్మాయిలే ఎక్కువ. కనక ఇక్కడ రాస్తున్నాను, అవసరమైనవాళ్ళు అడగండి.

ఇక కొత్తగా చేరిన పిల్లల సంగతి. పంతులుగా నాకు అన్నిటికంటె పట్టేది ఇదే. 2021లో ఉద్యోగంలో చేరిన నా శిష్యుడొకడికి కంప్యూటరు కొరియరులో వచ్చింది. ఏడాదిన్నర పాటు తనతో పనిచేసేవాళ్ళ ముఖం ఒక్కరిది కూడా ఎదురుగా చూడలేదు. "సందేహం వస్తే ఏం చేసేవాడివిరా?" అన్నాను. "రాసేవాణ్ణి సార్. ఇంత చిన్న విషయం అడిగితే ఏమనుకుంటారో అని చెరిపేసేవాణ్ణి. సాయంత్రందాకా నేనే కొట్టుకునేవాణ్ణి." కరోనా రోజుల్లో నేను కూడా తెర మీది నల్లచదరాలకు ఉత్పలమాల లక్షణం చెప్పినవాణ్ణే. పాఠం చెప్పడం ఎలాగో సాగుతుంది. సందేహం మాత్రం చేతికి రాదు. అసలు సందేహాలు తరగతిలో పుట్టవు. గంట కొట్టాక వరండాలో, మనం మెట్లు దిగుతుంటే, వెనకనుంచి "మాస్టారూ" అన్న పిలుపుతో వస్తాయి. తెరకు వరండా లేదు.

అమెరికాలో ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు, ఎమాన్యుయెల్, హారింగ్టన్, పాలె అనేవారు, ఒక పెద్ద కంపెనీ సాఫ్టువేరు ఉద్యోగుల వ్యాఖ్యలన్నీ ఏరి లెక్కకట్టారు. తోటివాళ్ళతో ఒకే భవనంలో కూర్చున్నవాళ్ళకు, వేరే భవనంలో ఉన్నవాళ్ళకంటె 22 శాతం ఎక్కువ వ్యాఖ్యలు వచ్చాయి. 2020లో అందరూ ఇళ్ళకు వెళ్ళేసరికి ఆ తేడా చాలావరకు పోయింది. దీనివల్ల ఎక్కువ లాభపడింది చిన్నవాళ్ళు. నష్టపడ్డవాళ్ళూ ఉన్నారు. పక్కన కూర్చుని నేర్పుతున్నంతసేపూ పెద్దవాళ్ళ సొంత పని తగ్గింది. ఇది మా వృత్తిలో అందరికీ తెలిసిన నష్టమే, దాన్ని ఎవరూ జీతంలో కలపరు.

అందుకని, చేరిన మొదటి రెండేళ్ళు పిల్లలు ఆఫీసుకు వెళ్ళాలనే నేనంటాను. అయితే నేర్పవలసినవాళ్ళు కూడా అదే రోజున, అదే అంతస్తుకు రావాలి. ఇప్పుడు జరుగుతున్నది చాలాచోట్ల అది కాదు. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, షేరు ఆటోలో మిగతా దూరం పోయి, కుర్చీలో కూర్చుని చెవులకు సాధనం తగిలించుకుని పూనాలో ఉన్నవాడితో, షికాగోలో ఉన్నవాడితో మాట్లాడి సాయంత్రం తిరిగి వస్తున్నారు. గుమ్మం దగ్గర కార్డు గీసి, కాఫీ తాగి, గంటలో వెళ్ళిపోయేవాళ్ళు కూడా ఉన్నారట. పూర్వం కుర్చీకి కోటు తగిలించి కాంటీనులో కూర్చున్న గుమాస్తాకు వీళ్ళు మనవలు. కోటును లెక్కపెట్టిన దొరకు కోటే దక్కింది, కార్డును లెక్కపెట్టేవారికి కార్డే దక్కుతుంది. పని నేర్చుకున్నవాళ్ళకు వారంలో రెండు మూడు రోజులు ఆఫీసు చాలు. ఐదు రోజులూ అన్నది నాకు అవసరంగా కనిపించదు, పంతంగా కనిపిస్తుంది. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న ఊళ్ళలో కూడా ఇలాంటి ఉద్యోగులు కూర్చుని పని చేసుకునే చోట్లు రావాలని, ఆడవాళ్ళకు అది ఉపయోగమని చెప్పింది. ఊళ్ళోనే, నడిచివెళ్ళే దూరంలో, పప్పు సంగతి ఎవరూ అడగని గది ఒకటి ఉంటే సగం తగాదా తీరుతుంది. అది వచ్చేదాకా మిగతా సగం మన చేతిలో ఉన్నది.

మన ఊళ్ళలో ఇప్పుడు కొత్త ఇళ్ళు కడుతున్నారు. పూజగది ఉంటుంది, అతిథుల గది ఉంటుంది, టీవీకోసం గోడ ఉంటుంది. కోడలి కుర్చీ ఎక్కడ అంటే మేస్త్రీ మన ముఖం చూస్తాడు, మనం ఆవిడ ముఖం చూస్తాం. పెద్ద గది అక్కరలేదు. ఆరడుగుల చోటు, ఒక తలుపు. "పదినుంచి ఒంటిగంటదాకా, రెండునుంచి ఆరుదాకా అమ్మాయి ఆఫీసులో ఉంది" అని పెద్దవాళ్ళు ఒకసారి పనిమనిషికీ, పాలవాడికీ, ఇంటికొచ్చిన చుట్టానికీ చెప్తే, చెప్పినదాన్ని తాము కూడా పాటిస్తే చాలు.

నేను చెప్పిన ఆ తెనాలి ఇంట్లో మామగారు రిటైరయిన పోస్టుమాస్టరు. మాటలు తక్కువ మనిషి. కోడలు హైదరాబాదు నుంచి రెండు మూడు వారాలు అటూ ఇటూ తిరగడం చూసి, ఎవరికీ చెప్పకుండా వడ్రంగిని పిలిపించి, పెరటివైపు వరండా కొసకు చెక్కతో అడ్డు కట్టించి తలుపు పెట్టించారు. ఫ్యాను బిగించారు, రెండు ప్లగ్గులు వేయించారు. గడియ బయటివైపు వెయ్యబోతుంటే కోడలు వచ్చి, లోపలివైపు వెయ్యమని వడ్రంగికి చెప్పిందట.